పెట్టె మీద లేని పేరు

దొమితిలా కార్డు వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లిపోయిందన్న సంగతి ఆల్డెన్ థేయర్‌కి చెప్పింది, ఆ దారిలో పోస్టు బండి నడిపే మార్జ్ పెల్కీ. తుంటి ఆపరేషన్ తరవాత ఆమె మళ్లీ పనిలో చేరిన రోజది.

"ప్రభుత్వం నుంచి వచ్చిన కవరు ఆల్డెన్. నా బదులు తిరిగినాయన మీ ఇంటి ముందు పోస్టు పెట్టె మీద ఆ పేరు లేదని తిప్పి పంపేశాడట. అలాంటి కవరుకి పెట్టె మీద పేరుండాలి, లేకపోతే పంపేయాల్సిందే. ఆయన తప్పేం లేదు."

"దాని మీద ఎప్పట్నుంచో థేయర్ అనే ఉంది కదా మార్జ్."

"థేయర్ అని మాత్రం ఎక్కడుంది? సగం అక్షరాలు రాలిపోయాయి. నేనైతే నీ ఆవుల వాసన పట్టుకుని వచ్చేస్తాను. కొత్తాయనకి అంత ముక్కు లేదు పాపం." మార్జ్ నవ్వబోయి, ఆల్డెన్ మొహం చూసి మానేసింది. "నేనుంటే తెచ్చి చేతికిచ్చేదాన్ని," అంది మెల్లగా.

ఆ పెట్టె చిరునామా రాయించింది ఆల్డెనే. గ్వాటెమాలా నుంచి వచ్చిన దొమితిలా అతని డెయిరీలో ఏళ్లుగా పాలు పితుకుతోంది. అమెరికాలో పని చేసుకోవచ్చని ఆమెకి ప్రభుత్వం ఇచ్చిన కార్డు గడువు ఈ శుక్రవారంతో అయిపోతుంది. కొత్తదానికి ఆమె ముందుగానే దరఖాస్తు పెట్టుకుంది. అద్దె గదులు మారుతుంటే ఉత్తరాలు పోతున్నాయని ఆమె దిగులుపడితే, "మా ఇంటి చిరునామా ఇవ్వు, ఇదెక్కడికీ కదలదు" అన్నాడు. పెట్టె మీద ఆమె పేరు కూడా రాయాలని మాత్రం తోచలేదు. మార్జ్ బండి నడిపే దారిలో అలాంటిది ఎవరికీ తోచదు.

బర్లింగ్టన్‌లో ఉన్న లాయరమ్మకి ఫోన్ చేశాడు.

"కార్డు మంజూరైందని కంప్యూటర్లో కనిపిస్తోందమ్మా. మా కళ్లతోనే చూశాం."

"అది చాలదు ఆల్డెన్. కార్డు చేత్తో పట్టుకుని, చూశానని ఫారం మీద యజమానిగా నువ్వు సంతకం పెట్టాలి. కంప్యూటర్లో చూశానని రాయడానికి అందులో గడి లేదు."

"ఇంకేదైనా కాగితం?"

"ఆమె దగ్గరున్న వాటిలో ఏదీ పనికిరాదు. పైగా ఫలానా కాగితమే తెమ్మని నువ్వు అడగనూ కూడదు, తెలుసుగా. శుక్రవారం దాటాక ఆమె చేత పని చేయించుకున్నావంటే, తెలిసి నేరం చేసినట్టే. అధికారులు ఒకసారి మీ డెయిరీకి తనిఖీకి వచ్చారు, గుర్తుంచుకో."

తరవాత ప్రభుత్వ కార్యాలయానికి ఫోన్ చేశాడు. చాలాసేపు మరమనిషి గొంతు మాట్లాడాక చివరికి ఒకామె దొరికింది. కవరు మళ్లీ పంపిస్తామంది. ఎప్పుడంటే చెప్పలేనంది. ఫోన్ పెట్టేసే ముందు, "అక్కడ మంచు పడుతోందా అండీ?" అని అడిగింది. పడుతోందన్నాడు. "జాగ్రత్తగా ఉండండి," అంది.

శుక్రవారం సాయంత్రం పాలు తీయడం అయ్యాక దొమితిలా మిషను గొట్టాలన్నీ రోజూ కంటే నెమ్మదిగా కడిగింది.

"కార్డు వచ్చేదాకా మీరొక్కరే లాక్కొస్తారా ఆల్డెన్ గారూ? ఆ నొప్పి భుజంతో?"

"లాక్కురాలేను. ఆవులు ఆగవు. పాల కోఆపరేటివ్ వాళ్లు డ్వైట్ రూకర్ అనే అతన్ని పంపుతున్నారు. ఎండాకాలం దాకా ఉంచుకుంటానని మాటిస్తేనే వస్తానన్నాడు."

"ఇచ్చారా?"

"ఇచ్చాను."

ఆమె గొట్టం కొక్కేనికి తగిలించింది. "మంచిది. ఆవులు ఏడవకూడదు," అంది.

"ఇప్పుడు నువ్వుంటున్న మా గది నీదే దొమితిలా. ఎవరినీ రానివ్వను."

"గది పాలివ్వదు కదండీ."

మర్నాడు పొద్దున్నే బూట్లు వేసుకుని వచ్చేసింది. "ఊరికే వచ్చాను. జీతం వద్దు."

"జీతం లేకపోయినా పని పనేనట. లోపలికి రా, గుడ్లు వేయిస్తున్నాను."

తిన్నాక ఆమె ప్లేట్లు తీసుకుని సింక్ వైపు నడిచింది. ఆల్డెన్ అడ్డం వచ్చాడు.

"తిన్న ప్లేటు కడగడం కూడా పనేనా?"

"నాకు తెలీదు. తెలీనప్పుడు వద్దు."

"మా అమ్మ చూస్తే, కూతురు ఇక్కడ రాణీ అయిపోయిందనుకుంటుంది," అని ఆమె నవ్వింది. ఆల్డెన్ కూడా నవ్వాడు. ప్లేట్లు తనే తీసుకుని కుళాయి తిప్పాడు.

అప్పుడే డ్వైట్ తలుపు తట్టాడు. టోపీ తీసి, దొమితిలాకి నమస్కారం చెప్పి కూర్చున్నాడు. ఆల్డెన్ ఫారం ముందుకు జరిపాడు.

"నేను పుట్టింది ఈ కౌంటీలోనే. నన్నూ అడుగుతారా?"

"అందరినీ అడగాలి."

"అయితే మా తాత సమాధి కూడా చూపిస్తాను, దగ్గరే." డ్వైట్ జేబులోంచి రెండు కార్డులు తీసి బల్ల మీద పెట్టాడు. ఆల్డెన్ వాటిని చేత్తో పట్టుకుని చూశాడు. నంబర్లు రాశాడు, తేదీ వేశాడు, సంతకం పెట్టాడు. కాఫీ చల్లారేలోపే అయిపోయింది. దొమితిలా పక్కనే కూర్చుని, కిటికీ వైపు చూస్తూ ఉంది.

డ్వైట్ లేచాడు. "ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

ఆల్డెన్ దొమితిలా వైపు చూశాడు. ఏమైనా చెబితే అదీ పని కిందకి వస్తుందేమోనని ఆమె అతని మొహం చూసింది. చివరికి ఆగలేక ఆల్డెన్‌తోనే అంది, "మూలనున్న ఎర్రావుకి చల్లటి చేతులు పడవు. ముందు పొదుగు వెచ్చటి గుడ్డతో తుడవాలని చెప్పండి."

పక్కనే ఉన్న డ్వైట్‌కి ఆ మాట ఆల్డెన్ మళ్లీ చెప్పాడు. "సరేనండీ," అన్నాడు డ్వైట్, ఆమెతో.

అతను వెళ్లిన కాసేపటికి కొట్టంలోంచి ఆ ఎర్రావు అరిచింది. దొమితిలా కుర్చీ వెనక్కి జరిపి లేచింది. తలుపు దాకా వెళ్లింది. ఆవు మళ్లీ అరిచింది. ఆమె గడియ మీద చెయ్యి వేసింది, చెయ్యి వెనక్కి తీసుకుంది, వచ్చి కూర్చుంది.