ఒక కన్నం ఎక్కువ

డాబా మీద డ్రిల్లు ఆగినప్పుడల్లా కింద గదిలోంచి బావ గొంతు లేచేది.

"ఏరా, ఇంకా ఉన్నాయా? పరాయి ఇళ్ళకి కన్నం వేసేవాళ్ళ గురించి విన్నాను గానీ, సొంత అక్క ఇంటికి వేసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా!"

"సోలార్ ఫ్రేము కాళ్ళు నిలబడాలంటే బోల్టు దిగాలి బావా!"

"నీ కాళ్ళు నిలబడతాయి. వాన పడితే నా పుస్తకాలు ఈదుతాయి."

బావ పుస్తకాల బైండరు. డాబా కింది గదిలో గ్రంథాలయం వాళ్ళు పంపిన పుస్తకాలు కుట్లు వేసి, దొంతరలుగా పేర్చి ఉన్నాయి. చుక్క పడితే కాగితం ఉబ్బుతుంది. ఉబ్బింది మళ్ళీ చదును కాదు. బావమరిది సోలార్ ఫిట్టరు. కంపెనీ వదిలి సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇది. ఈ ఇల్లు కారితే ఇంకో ఇల్లు దొరకదు. మొగుణ్ణి బతిమాలి తమ్ముడికి ఈ పని ఇప్పించింది అక్క.

కన్నాల మీద కాళ్ళు నిలబెట్టాక బావ పైకి వచ్చాడు. ఒక కాలు సరిగ్గా ఆయన సాయంత్రం కుర్చీ వేసుకునే చోట ఉంది.

"దీన్ని జరుపు."

"జరిపితే ఇక్కడ కన్నం మిగులుతుంది బావా."

"మిగిలితే పూడుద్దాం. నేనెక్కడ కూర్చోను, నీ ప్యానెల్ మీదా?"

కాలు మూరెడు పక్కకి జరిగింది. బావమరిది ప్రతి కన్నంలోనూ దుమ్ము ఊదేశాడు. సీలెంటు నింపి, బోల్టు దించి, రబ్బరు వాషరు వేసి బిగించాడు. చుట్టూ సిమెంటు దిమ్మ కట్టి, నీళ్ళు జారిపోయేలా వాలు పెట్టాడు. కాలు జరపగా మిగిలిన కన్నం దగ్గరికి వచ్చేసరికి సీలెంటు అయిపోయింది. బజారుకి వెళ్ళాడు. ఎండ దిగాక తిరిగొచ్చాడు.

"ఆ కన్నం సంగతి నేను చూశాలే," అన్నాడు బావ.

గమేళాలో మిగిలిన సిమెంటు పెట్టి ఉంటాడనుకున్నాడు బావమరిది. బావ పని చేసిపెట్టడమే వింత. ఇక ఆరా తీయలేదు.

ప్యానెళ్ళు ఎక్కించబోతుంటే అక్క అడ్డం వచ్చింది. "ముందు నీళ్ళు కట్టి చూడండి. ఇవన్నీ ఎక్కించాక కారితే దింపేదెవరు?"

"నన్ను నమ్మవా అక్కా?"

"నిన్ను నమ్ముతానురా. కన్నాన్ని నమ్మను."

తూములో తడిగుడ్డ కుక్కి, డాబా మీద వేలెడు లోతు నీళ్ళు నిలిపారు. పుస్తకాల మీద టార్పాలిన్ కప్పారు. బావ చాప వేసుకుని స్లాబు వంక చూస్తూ పడుకున్నాడు.

తెల్లారేసరికి కేక వినపడింది. "కారింది!"

అక్కాతమ్ముళ్ళు పరుగెత్తుకొచ్చారు. టార్పాలిన్ మీద చుక్క ఉంది.

"తడిగుడ్డతో గొంతు కోశావు కదరా! పైనున్నవన్నీ ఊడదీసుకుని..." అంటుండగా రెండో చుక్క బావ చేతిమీద పడింది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. జిగురు పాకం చూసేటప్పుడు అలాగే రుద్దుతాడు. మాట ఆగిపోయింది.

"చెప్పండి, ఊడదీసుకుని?" అంది అక్క.

"ఏం లేదు."

"చెయ్యి చూపించండి."

వేళ్ళు అతుక్కుని ఉన్నాయి. చుక్కలో నీలం జీర ఉంది. మైదా జిగురుకి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాడు బావ. ఆ రంగు ఆ ఇంట్లో ఎవరైనా గుర్తుపడతారు.

"కన్నంలో ఏం పెట్టారు?"

"అట్టముక్కలు నానేసి, జిగురు కలిపి కూరాను. ఎండకి రాయిలా అయింది."

"నీళ్ళు తగిలితే?"

బావ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

"కన్నం వేసింది నేనే అక్కా," అన్నాడు తమ్ముడు. "దొంగ మాత్రం ఈయన."

నీళ్ళు వదిలి, జిగురు గోకి, కన్నం ఆరాక సీలెంటు నింపి, పైన సిమెంటు దిమ్మ కట్టారు. అది గట్టిపడ్డాక మళ్ళీ నీళ్ళు కట్టారు. బావని మళ్ళీ అదే చాప మీద పడుకోబెట్టింది అక్క. మర్నాడు తనే వచ్చి అడిగింది.

"ఏమండీ?"

"కారలేదు."

"నాకు కాదు. వాడు పైనున్నాడు, గట్టిగా చెప్పండి."

"కారలేదురా!"

పైనుంచి బదులొచ్చింది. "వినపడలేదు బావా!"