ఉచ్చీరమ్మ కొడుకు సంఘం

మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో సంఘం అంటే ఒకటే అర్థం. ఆదివారం చాపల మీద కూర్చుని పాటలు పాడి, ప్రార్థన చేసి, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునే గుంపు. అందుకే మా పక్కింటి ఉచ్చీరమ్మ కొడుకు యేసేపు ఆదోని నుంచి వచ్చి, మానవతా సంఘంలో చేరానని చెప్పగానే ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. ఏళ్ళ తరబడి చర్చి గడప తొక్కని కొడుకు చివరికి దారికొచ్చాడనుకుంది. పెద్దకడుబూరు సంతలో కనబడిన వాళ్ళందరినీ ఆపి మరీ చెప్పుకుంది.

అది దేవుడే లేడని చెప్పే సంఘమని నాకు తెలుసు. వాళ్ళ పెద్ద అశోక్ సార్ ఉపన్యాసం ఆదోనిలో ఒకసారి విన్నాను. మనిషే అన్నిటికీ కొలబద్ద అంటాడాయన. మార్కెట్లో ఎవడి పత్తి వాడే తూచుకుని, ఎవడి ధర వాడే కట్టుకుంటే ఎలా ఉంటుందో ఆ మాట అలా ఉంది. ప్రేమ, క్షమ, బీదల మీద దయ అని చాలాసేపు ఊదరగొట్టాడు. అన్నీ మా దగ్గర ఎత్తుకుపోయిన మాటలే. ఇచ్చినవాడి పేరు మాత్రం చెరిపేసి, తానే కనిపెట్టినట్టు మీసం తిప్పుకున్నాడు. అంత చదువూ చదివి, మనిషి తనకు తానే మొక్కుకోవాలని తేల్చినవాణ్ణి చూస్తే నాకు కోపం కూడా రాలేదు. రోత పుట్టింది.

అమ్మకు నిజం చెప్పమని యేసేపును నిలదీశాను.

"సంతోషంగా ఉండాది గదా ప్రేమలతక్కా, ఉండనీ" అన్నాడు.

సత్యం, సత్యం అని గోడల నిండా రాసుకునే సంఘం వాళ్ళది. అందులో సభ్యుడు కన్నతల్లికి ఒక్క నిజం చెప్పలేకపోయాడు. పెద్దకు తగ్గ శిష్యుడే అనుకుని ఊరుకున్నాను.

పత్తి తీతలు ముగిసే వేళకు ఉచ్చీరమ్మ మంచం పట్టింది. ఎమ్మిగనూరులో డాక్టరుకు చూపిస్తే ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. నేను పోసే గంజి కూడా గొంతు దిగడం మానేసింది. చావంటే ఆమెకు భయం లేదు. తాను పోయే చోటికి కొడుకు వస్తాడా రాడా, అదే ఆమె దిగులు. వాడి సంఘ పెద్ద వచ్చి, కొడుకు అక్కడికి వస్తాడని చెప్పి ప్రార్థన చేస్తే కళ్ళు మూస్తానని పట్టుబట్టింది. మా పాస్టరు వస్తానంటే, ముందు కొడుకు సంఘ పెద్దే రావాలంది. యేసేపుకు వేరే దారి లేక ఆయన్ను పిలుచుకొచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం సార్ ఇస్త్రీ చొక్కా నలగకుండా బండి దిగాడు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ఊరికే ఉండమని యేసేపు దారి పొడుగునా బతిమాలాడట. సిద్ధాంతం వదులుకోనన్నాడట ఈ మహానుభావుడు. మంచం పక్కన కుర్చీ వేశాం. ఉచ్చీరమ్మ చేతులు జోడించి ప్రార్థన చెయ్యమంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. పైన ఎవరూ లేరని, కాబట్టి భయపడాల్సిందేమీ లేదని, మనిషికి మనిషే తోడని, పోయినవాళ్ళు ఉన్నవాళ్ళ జ్ఞాపకాల్లో బతుకుతారని చెప్పుకుపోయాడు. ఊపిరి అందని ముసలామెకు ఆదోనిలో చెప్పిన ఉపన్యాసమే మళ్ళీ చెప్పాడు. రెక్క పట్టుకుని బయటికి గెంటేద్దామనుకున్నాను. యేసేపు తల వంచుకుని నేల చూస్తున్నాడు.

ఉచ్చీరమ్మ ఓపిగ్గా అంతా విన్నది.

"అయితే మీ సంఘంలో దేవుడు ల్యాడాప్పా?" అని అడిగింది.

లేడని, మనమే ఉన్నామని సార్ చెప్పాడు.

"మరి నీకు కష్టమొస్తే ఎవురికి సెప్పుకుంటావు?"

తోటి మనుషులకు చెప్పుకుంటానన్నాడు. వాళ్ళు కూడా పోతేనో అని ఆమె మళ్ళీ అడిగింది. మైకు దొరికితే వదలని మనిషి యేసేపు వైపు చూశాడు. యేసేపు తల ఎత్తలేదు.

మోసం తెలిసింది కాబట్టి ఇక ఏడుస్తుందనుకున్నాను. ఆయన్ను శపిస్తే బాగుండునని ఆశపడ్డాను కూడా. ఆమె మాత్రం చేయి చాచి సార్ తల మీద పెట్టి, కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, ఈ బిడ్డకు ఎవురూ ల్యారంట. ఆ దిక్కులేని ఇంటికే నా కొడుకును గూడా తోలుకపోయినాడు. ఇద్దర్నీ నువ్వే సూసుకో. నేనొచ్చి అడుగుతా."

ఇన్నాళ్ళూ నేను తిట్టిన తిట్లన్నీ ఆ జాలి ముందు దిగదుడుపే. సార్‌ను దూషిస్తే వాదించేవాడే, తన కోసం ప్రార్థన చేస్తే ఏం చెయ్యాలో ఆయన సిద్ధాంతంలో లేదు.

మాలో ఒకరు ప్రార్థన చేస్తే పక్కవాళ్ళు ఆమెన్ అనాలి. అనేదాకా అది ముగిసినట్టు కాదు. నేను కావాలనే నోరు మూసుకున్నాను. ఆమె చేయి సార్ తల మీదే ఉంది. కళ్ళు తెరవకుండా ఎదురుచూస్తోంది. సార్ మెడ వంచి అలాగే కూర్చున్నాడు.

చివరికి యేసేపు, తన సంఘ పెద్ద ఎదుటే, ఆమెన్ అన్నాడు.

అప్పుడు ఉచ్చీరమ్మ చేయి తీసింది.