బెంగళూరు పక్షం

మౌనం అర్ధాంగీకారం అంటారు. మాట్లాడనివాడు సగం ఒప్పుకున్నట్టేనని పెద్దలు తేల్చారు. మిగిలిన సగం ఏమైందో ఎవరూ విచారించలేదు. 2006 నాటి ఇంటర్నెట్ చర్చావేదికల్లో ఆ విచారణకు కూడా తావు లేకుండా పోయింది. అక్కడ జవాబు రాయనివాడు పూర్తిగా ఓడినట్టే లెక్క.

గిరిధర్ ఆ లెక్కను మనసారా నమ్మినవాడు. బెళ్ళందూరులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. ఇంటికి వచ్చాక అదే పనిని జీతం లేకుండా కొనసాగించేవాడు. తెలుగువాళ్ళు కూడే ఒక వేదికమీద ‘బెంగళూరా, హైదరాబాదా: ఉండటానికి ఏది మేలు?’ అనే చర్చ ఏడాదిగా సాగుతోంది. అందులో బెంగళూరు పక్షానికి అతడే పెద్ద దిక్కు. అవతలి పక్షాన ‘గోల్కొండ’ అనే మారుపేరుతో ఒకడు ఉండేవాడు. వాడు బిర్యానీతో మొదలుపెట్టి అద్దెల మీదుగా ఆటోవాళ్ళ దాకా వచ్చేవాడు. గిరిధర్ మాత్రం వానపాతం పట్టికలూ, పత్రికల కత్తిరింపులూ ముందు పెట్టుకుని కూర్చునేవాడు.

అతని పద్ధతి వేదికలో అందరికీ తెలుసు. ఎదుటివాడి రాతను వాక్యం వాక్యంగా కోసి, ఒక్కొక్క ముక్క కింద తన జవాబు పెట్టేవాడు. ఏ వాక్యాన్నీ వదిలేవాడు కాడు. వదిలిన వాక్యం ఒప్పుకున్న వాక్యమని అతని వాదం.

అతడు ఆ చర్చలో మొదటిసారి రాసింది కిందటి ఏడాది ఆషాఢంలో. కాన్పుకోసం ఆసుపత్రికి వెళ్ళిన అతడూ, భార్యా ముగ్గురై తిరిగిరావలసిన చోట ఇద్దరే తిరిగివచ్చిన వారం అది. ఆసుపత్రికి పోయే దారిలో, టిన్ ఫ్యాక్టరీ దగ్గరి తీగల వంతెన కింద, వారి కారు చాలాసేపు కదలలేదు. పుట్టిన ఆడపిల్లకు ఊపిరి లేదు. బయలుదేరకముందే గుండె ఆగిపోయి ఉంటుందని, ఆలస్యానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పింది. గిరిధర్ ఆ మాటను జాగ్రత్తగా విని, అర్థం చేసుకుని, తలూపాడు. ఆ తలూపడంతో అతనిలో ఏదో స్విచ్చి కట్టేసినట్టయింది. తర్వాత దుఃఖం వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాడు. రాలేదు. తక్కినవీ రావడం మానేశాయి. అన్నంలో ఉప్పు తక్కువైతే తెలిసేది, ఎక్కువైతే తెలిసేది, ఏదైనా తినేవాడు.

అతని భార్య వరూధిని కూడా ఆ ఏడాది ఎక్కువగా మాట్లాడలేదు. మాట్లాడింది ఒక గురువారం సాయంత్రం, అన్నాలు తింటూ.

“మీ ఆఫీసువాళ్ళు హైదరాబాద్‌లో కొత్త బ్రాంచి పెడుతున్నారటగా. వెళ్ళేవాళ్ళు పేర్లివ్వాలట. ఇచ్చారా?”

“సోమవారం దాకా టైముంది.”

“నేనడిగింది టైము గురించి కాదండీ.”

గిరిధర్ మజ్జిగ కలుపుకున్నాడు.

“మా అక్కయ్యావాళ్ళ పై వాటా ఖాళీ అయింది,” అంది వరూధిని. హైదరాబాదులో ఉండే కాత్యాయని ఆమెకు సొంత అక్క. “మీరొస్తే ఇద్దరం ఉందాం. రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. ఈ ఊళ్ళో ఇంక నావల్ల కాదు.”

“చూద్దాం.”

“ఆ గోల్కొండ ఎవడో, వాడికి పేజీలకు పేజీలు రాస్తారు. నాకేమో చూద్దాం!” ఆమె కంచం తీసుకుని లేచింది. “నేనూ అక్కడే రాయనా? అప్పుడైనా జవాబిస్తారా?”

“రాయి,” అన్నాడు గిరిధర్.

శనివారం ఉదయం ఆమె రాసింది. టిఫిన్ అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కుతూ చాలాసేపు టైపు చేసి, “అయింది, చూసుకోండి” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మారుపేరు పెట్టుకోలేదు. చర్చలో అందరికంటే కింద ‘వరూధిని’ అని ఉంది. అక్కడివాళ్ళందరిలాగే ఆమె కూడా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది:

“నేను మహదేవపురలో ఉంటాను, ఇక్కడ వాతావరణం బాగుంటుంది. మా వంటింటి కిటికీలోంచి తీగల వంతెన కనిపిస్తుంది. ఆ రోజు దాని కింద మా కారు ఆగిపోయింది. మా పాప ఇంటికి రాలేదు. నాకీ ఊరు చాలు. హైదరాబాదు మంచిదని నేననడం లేదు. ఆయన నాతో వస్తే బాగుండును.”

గిరిధర్ రెండుసార్లు చదివాడు. రాసింది ఎవరో అతనికి తెలియక కాదు. వంటింట్లో కుక్కర్ కూత వేస్తోంది. లేచి పది అడుగులు వేస్తే మనిషే ఉంది. కాని రాత కనబడగానే అతని చెయ్యి చెయ్యవలసిన పని చెయ్యడం మొదలుపెట్టింది. వాక్యాలను విడదీసింది. ఒక్కొక్కదాని కింద జాగా వదిలింది. జాగా కనబడితే నింపడం ఏడాదిగా అలవాటైన పని.

వాతావరణం బాగుంటుందన్న వాక్యం కింద, “ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు” అని రాశాడు.

వంతెన కనిపిస్తుందన్న వాక్యం కింద, “వంతెన కట్టకముందు అక్కడ ఇంతకంటే ఎక్కువసేపు ఆగవలసి వచ్చేది.”

కారు కింద, “ఒక్క ఉదాహరణ రుజువు కాదు. అమీర్‌పేటలోనూ కార్లు ఆగుతాయి.”

పాప కింద కొంచెంసేపు వేళ్ళు ఆగాయి. తర్వాత, “దీనికీ ఊరికీ కార్యకారణ సంబంధం లేదు. వైద్యుల అభిప్రాయం కూడా ఇదే” అని రాశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అది అతడు సరిచూసుకున్నాడు.

నాకీ ఊరు చాలన్నదాని కింద, “ఇది అనుభూతి. వాదన కాదు.”

హైదరాబాదు కింద, “అయితే మన మధ్య విభేదమే లేదు.”

చివరి వాక్యం మిగిలింది. ఏ వాక్యాన్నీ వదలకూడదన్నది అతని నియమం. “ఇది చర్చాంశం పరిధిలోకి రాదు” అని రాసి, పంపాడు.

మధ్యాహ్నానికి బెంగళూరు పక్షం పండగ చేసుకుంది. ఉతికి ఆరేశావని ఒకడు, ఆడవాళ్ళ సెంటిమెంటుకు కూడా లాజిక్ చెప్పిన మొనగాడివని ఇంకొకడు. సాయంత్రం గోల్కొండ రాశాడు: “అన్నా, ఆ తల్లి ఎవరో నాకు తెల్వది. గానీ గిట్ల రాసుడు మంచిగ లేదు. ఇగ నేను ఈడ రాయ.” అన్నట్టే వాడు మళ్ళీ రాయలేదు.

వరూధిని ఆ జవాబును ఎప్పుడు చదివిందో గిరిధర్‌కు తెలియదు. అతడు బజారునుంచి వచ్చేసరికి కంప్యూటర్ తెరమీద ఆ పేజీయే తెరిచి ఉంది. ఆమె బట్టలు మడత పెడుతోంది. ఏమైనా అంటుందని నిలబడ్డాడు. ఆమె అతని చొక్కాలను అతని అరలో సర్ది, తన చీరలను మంచంమీదే ఉంచింది.

ఆదివారం పాలప్యాకెట్టుకు దిగుతుంటే మెట్ల దగ్గర పాపక్క పట్టుకుంది. పాపక్క ఆ ఇంటి యజమానురాలు. పుట్టిందీ పెరిగిందీ పాత బెంగళూరులోని కాటన్‌పేటలో, తరాలుగా ధాన్యం వ్యాపారం చేసిన తెలుగు కుటుంబంలో.

“ఏమప్పా గిరీ, హైదరాబాదోళ్ళతో నీ జగళ, ఆ కొట్లాట, ముగిసిందా లేదా?”

“అయిపోయిందక్కా. వాళ్ళు మానేశారు.”

“గెలిస్తివా! మరి ముఖం ఏమప్పా, సంగటిముద్ద మాదిరి పెట్టుకోనుండావు?” నవ్వి, గొంతు తగ్గించింది. “అది ఉండనీ. నీ పెండ్లాము బుధవారం సాయంకాలానికి ఆటో మాట్లాడి పెట్టమనె. మెజెస్టిక్ బస్టాండుకి పోవల్లంట. యాడికప్పా ఆయమ్మ పోయేది?”

“నాతో ఏమీ అనలేదక్కా.”

“నువ్వు అడిగితివా?”

గిరిధర్ చేతిలోని పాల చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

“బాగుండాది మీ సంసారం,” అంది పాపక్క. “మేమైతే వీధి వినేటట్టు కొట్లాడుకుంటిమి. మా ఆయన పొయ్యేదాకా నోరు ముయ్యలా, నేనూ ముయ్యలా. మీరు నోరెత్తకుండా సుమ్మనే ఉంటారు. అది నాకు భయం.”

సోమవారం క్యాంటీన్‌లో అభిజిత్ ఎదురుగా కూర్చున్నాడు. ఆఫీసులో పక్కసీటువాడు, వేదికలో బెంగళూరు పక్షమే.

“శనివారం దుమ్ము లేపావు గురూ. ఆ కొత్తావిడకి ఒక్క లైను కూడా మిగల్చలేదు. వరూధిని అని... మీ ఆవిడ పేరు కూడా అదే కదరా?”

“అవును.”

“అవునంటే? పేరొక్కటేనా, మనిషి కూడానా?”

గిరిధర్ చపాతీ తుంచుకున్నాడు. అభిజిత్ చేతిలోని చెంచా పళ్ళెంలో పెట్టేశాడు.

“ఒరేయ్, ఆ పాప గురించి రాసింది... నీకేమైనా పిచ్చా? ఇంటికెళ్ళి మాట్లాడు. హైదరాబాద్‌కి పేరిచ్చావా? ఇవాళే లాస్ట్.”

“తను ఏమీ అనలేదు,” అన్నాడు గిరిధర్. “జవాబు చదివింది. అభ్యంతరం ఉంటే చెప్పేది కదా.”

అభిజిత్ తింటున్నది వదిలేసి లేచిపోయాడు. గిరిధర్ పళ్ళెం ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుని సీటుకు వచ్చాక, హైదరాబాదు శాఖ గురించిన మెయిలు తెరిచాడు. ఇష్టమున్నవారు జవాబు పంపవలెనని అందులో ఉంది. పంపనివారిని బెంగళూరులోనే ఉండదలచినవారిగా భావిస్తామని దాని కిందే ఉంది. ఆ రెండో వాక్యం అతనికి సబబుగా తోచింది. మెయిలు మూసేశాడు.

గిరిధర్ పేరు హైదరాబాదు జాబితాలో చేరలేదు. బుధవారం సాయంత్రం వరూధిని పాపక్క పిలిపించిన ఆటోలో మెజెస్టిక్‌కు వెళ్ళి, హైదరాబాదు బస్సెక్కింది. ప్రతిపక్షంనుంచి జవాబులు రానందున వేదికవాళ్ళు ఆ నెలాఖరున చర్చ మూసి, బెంగళూరు గెలిచినట్టు ప్రకటించారు. వరూధిని తిరిగి రాలేదు. మహదేవపుర ఇంట్లో గిరిధర్ ఒక్కడే ఉన్నాడు.