మూడు డబ్బాల బలం

తులసీరాంకు మొదట కాలి వేళ్లు తిమ్మిరెక్కాయి. మిర్యాలగూడ మిల్లులో ముప్పై ఏళ్లుగా బియ్యం బస్తాలు మోస్తున్న మనిషి, తిమ్మిరే కదా అని పట్టించుకోలేదు. ఓ రోజు లారీలోకి బస్తా ఎత్తుతుంటే వెనకాల బస్తాతో వచ్చే తోటి హమాలీ పాపయ్య కేకేశాడు.

"అన్నా, నీ చెప్పు గాడనే ఊడిపడ్డది. సూస్కోలేదా?"

చెప్పు ఊడిన సంగతే కాలికి తెలియలేదు. అప్పుడు భయం పట్టుకుంది.

మిర్యాలగూడ డాక్టరు నరాల బలహీనత అని బలం గోలీలు రాశాడు. తగ్గలేదు. కోదాడ మందుల షాపులో పనిచేసే మేనల్లుడు జితేందర్ "ఇది ఇంకా మంచిది మామయ్యా, వాడి చూడండి" అని ఇంకో డబ్బా చేతిలో పెట్టాడు. భార్య నీలా ఫోన్లో చూసి పాలల్లో కలిపే పొడి తెప్పించింది. తిమ్మిరి పెరిగినకొద్దీ తులసీరాం ఒకటికి రెండేసి మింగాడు. ఎనిమిది నెలలు గడిచేసరికి గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది.

చివరికి సూర్యాపేటలో నరాల డాక్టరమ్మకు చూపించారు. వాడేవన్నీ చూపించమంటే నీలా సంచీ బల్ల మీద బోర్లించింది. డాక్టరమ్మ డబ్బాల వెనకున్న సన్న అక్షరాలు చదివి, మూడింటి మీదా పెన్నుతో గీత గీసింది.

"పేర్లే వేరు. మూడింట్లోనూ బీ సిక్స్ ఉంది. విటమిన్ అయినా రోజుకింత అని హద్దు ఉంటది. మీరు దానికి ఎన్నో రెట్లు దాటేసిన్రు. మితిమీరితే అదే నరాలను పాడు చేస్తది."

"తిమ్మిరి పోవాలని మింగిందే తిమ్మిరి తెచ్చిందా అమ్మా? మరి మొదట్ల వచ్చిన తిమ్మిరి దేనికి?"

రక్తపరీక్షలో దానికీ జవాబు దొరికింది: షుగర్. దానికి వేరే గోలీ రాసింది.

"అంటే గోలీలు బంద్ చేయాల్నా, ఏస్కోవాల్నా?"

"ఆ మూడూ బంద్. ఇదొక్కటే వేసుకోవాలి. బంద్ చేసినంక కొన్ని వారాలు తిమ్మిరి ఇంకా ఎక్కువైతది, భయపడొద్దు."

మానేసినంక ఎక్కువవుడేంది? బస్సులో ఎంత ఆలోచించినా తులసీరాంకు తెగలేదు. నీలా మాత్రం పొడి తెప్పించింది తానే కదా అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పది రోజులకు అరికాళ్లలో సూదులు గుచ్చినట్టయింది. పొద్దున్నే అల్మారా తెరిచి పాత గోలీ చేతిలోకి తీసుకున్నాడు.

"డాక్టరమ్మ చెప్పినట్టే అయితున్నది గదా," అంది నీలా.

"నిజంగనే నరాలు పోతున్నయేమో. ఎట్ల తెలుస్తది?"

తులసీరాం జితేందర్‌కు ఫోన్ చేస్తే "నాకూ అర్థం కావట్లేదు మామయ్యా. ఆవిడ చెప్పినట్టే చేయండి" అన్నాడు. తులసీరాం చేతిలోని గోలీని ఇంటి ముందు మురుగు మోరీలో పారేశాడు.

నాలుగో నెలలో మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు మీద ఉత్తకాళ్లతో నడుస్తుంటే వేడి తగిలి ఎడమ పాదం చుర్రుమంది. కుడి పాదానికి ఇంకా ఏమీ తెలియలేదు. సంతోషపడాలో వద్దో తేల్చుకోలేక, అక్కడే ఎండలో నిలబడి ఎడమ కాలు మళ్లీ మళ్లీ ఆనించి చూసుకున్నాడు.