మదీనక్క దగ్గర నిప్పు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం గాలికి మా బోదగడ్డి కొట్టం కాలిపోయింది. అమ్మ లోపలే ఉండిపోయింది. నిప్పురవ్వ మా పొయ్యిలోనుంచే లేచిందని ఊళ్లో అన్నారు. నాయన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎత్తనంత మాత్రాన పోయేది కాదు అది. పెళ్లయి వేరే కొట్టం వేసుకున్నాక మొదలైంది. పొద్దున నా పెండ్లాం నల్లమ్మ సంగటి కెలికి దించగానే పొయ్యిలో చెంబెడు నీళ్లు పోసేవాణ్ణి. బూడిదలో చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. ఇద్దరం పనికి బయలుదేరి ఊరి బయట వంక దాటగానే, అడుగున ఒక నిప్పు కణిక మిగిలిందేమో అనిపించేది. ఇక కాళ్లు ముందుకు పడవు. వెనక్కి పరుగెత్తేవాణ్ణి. చూసి మళ్లీ వంక దాకా వచ్చేసరికి, సరిగ్గా చూశానా అనిపించేది.

అవి కరువు రోజులు. వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. రాప్తాడు దారికి కంకర కొట్టే పని ఒక్కటే దిక్కు. హాజరు వేళకు లేకపోతే ఆ పూట పని లేదు. మేస్త్రీ దాసప్ప మంచివాడే, చాలా ఓపిక పట్టాడు. ఒకరోజు తేల్చి చెప్పేశాడు.

"ఏమప్పా పుల్లన్నా, నీ పెండ్లాం వస్తాది, నువ్వు రావు. ఇంగొక తూరి ఆలీసమైతే నీ సుత్తి ఇంకొకరికిస్తా."

ఆ సాయంత్రం నల్లమ్మ పక్కింటి మదీనక్కతో గోడు చెప్పుకుంది. వాళ్లది దూదేకుల ఇల్లు. భర్త బుడేన్ సాబ్ ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు.

"నీళ్లు పోసి పోసి పొయ్యి నాని పగిలిపోతాండాదక్కా. మా ఆయప్పకు దయ్యమేమన్నా పట్టిందేమో."

"దయ్యమూ లేదు, పాడూ లేదు," అంది మదీనక్క. గడపలో కూర్చున్న నా వైపు తిరిగింది. "పుల్లన్నా, రేపట్నుంచి నీ నిప్పు తెచ్చి నాకియ్యి. సందకాడ తీసుకపో."

నేను లేచి నిలబడ్డాను. "అక్కా, నీ ఇంటి నిండా దూది ఉండాది కదా."

"అందుకే చెప్తాండా. నిప్పంటే నాకన్నా భయమెవరికుండాదప్పా? నా పొయ్యి యాడుండాదో చూసినావా?"

చూశాను. వాకిట్లో, ఇంటికి దూరంగా, చుట్టూ బండలు నిలబెట్టి ఉంది. పక్కన నీళ్ల కడవ. రోజూ కంటపడేదే.

"భయమైతాదనే బండలు పెట్టుకున్నా. పెట్టుకోని వంట చేసుకుంటాండా. నువ్వు ఆ బండలు తలకాయలో పెట్టుకోని మోస్తాండావు."

నల్లమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు కణికలన్నీ కుండపెంకులోకి ఎత్తి మదీనక్కకు ఇచ్చి బయలుదేరాను. వంక దాటాను. కాళ్లు ఆగాయి. మా పొయ్యి గుర్తుకొచ్చింది. అందులో ఏమీ లేదు. నిప్పు మదీనక్క దగ్గరుంది, ఆమె ఇంటిపట్టునే ఉంది. అంతా తెలిసినా వెనక్కి తిరిగాను. నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో పిడకలు సర్దుతోంది.

"ఏమప్పా, నీ నిప్పుకు సంగటి పెట్టినానో లేదో చూసేకి వచ్చినావా? తినింది. పో."

ఈసారి నాకూ నవ్వొచ్చింది. మా గుడిసెలోకి తొంగి చూడకుండానే పరుగెత్తాను. దాసప్ప హాజరు పిలుస్తున్నాడు. నా పేరు వచ్చేసరికి పలికాను.

"ముందు ఊపిరి తీసుకోప్పా," అని సుత్తి చేతికిచ్చాడు.

భయం పోయిందని చెప్పను. వంక దగ్గర చాలా రోజులు కాళ్లు ఆగేవి. ఆగినప్పుడు ఆమె ఎగతాళి తలుచుకునేవాణ్ణి. అవి మళ్లీ కదిలేవి.

తర్వాత మంచి వానలు పడ్డాయి. మా గూట్లోకీ అగ్గిపెట్టె వచ్చింది. అయినా సందకాడ మా పొయ్యికి నిప్పు మదీనక్క వాకిలినుంచే వచ్చేది. ఏళ్లు గడిచాక బుడేన్ సాబ్ వాళ్లు గోరంట్లకు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున నేనే పొయ్యి ఆర్పి, ఒక్కసారి చూసి, పనికి పోయాను. దారంతా నన్ను ఎగతాళి చేసేవాళ్లు లేరే అనిపించింది.