నీలాండన్ ఆకలి వేళ

ఆటోను తొండంతో ఎత్తి పొలంలోకి విసిరేశాక నీలాండన్ ఒక్క క్షణం ఆగాడు. చెవులు విప్పుకుని కదలకుండా నిలబడ్డాడు. చెవులు ఆగిపోయిన ఏనుగు ఎంత ప్రమాదమో చాత్తుణ్ణికి తెలుసు. కణతల నుంచి కారిన మదజలం నోటిదాకా నల్లగా చారలు కట్టింది. వీపు మీద, మెడతాడును రెండు చేతులా కరుచుకుని సుకు ఉన్నాడు.

"ఏట్టా! అన్నా, నన్ను దించండి ఏట్టా!"

చాత్తుణ్ణి చేతిలో కొక్కెం కర్ర ఉంది కానీ కాళ్లు ముందుకు పడలేదు. నీలాండన్‌కి పెద్ద మావటి అతను. పైనున్న సుకు చిన్న మావటి, పైగా చెల్లెలు తంకమణి మొగుడు. తొమ్మిదేళ్లుగా గుళ్లూ గోపురాలూ తిరిగిన తంకమణి ఈమధ్యే నెల తప్పింది. సుకు కిందకి జారితే తొండం ఒక్క విసురు, కాలు ఒక్క తొక్కు. అక్కడితో సరి. ఇంటికెళ్లి చెల్లెలికి ఏమని చెప్పాలి?

కాసేపటి క్రితం ఊరేగింపు నడిచిన దారి ఇప్పుడు ఖాళీగా ఉంది. చెప్పులు, పట్టు గొడుగులు, తోలు చిరిగిన చెండ డోలు ఒకటి పడున్నాయి. జనమంతా గట్ల మీదికి, డాబాల మీదికి ఎక్కేశారు.

"విషం పెట్టాడు! ప్రభాకరనే పెట్టాడు!" అని ఎవరో అరుస్తున్నారు.

ఆ మాట మొదట అరిచింది చాత్తుణ్ణే. ఊరేగింపులో అవతలి పక్షం ఏనుగు మావటి ప్రభాకరన్ పొద్దున నీలాండన్‌కి అరటిగెల అందించడం అతను చూశాడు. ఏనుగు తిరగబడగానే నోటికొచ్చింది అనేశాడు. ఇప్పుడు ప్రభాకరన్‌ని పందిరి గుంజకి కట్టేశారు. అతని పెదవి చిట్లి, తెల్ల పంచె మీద నెత్తురు పడింది.

జీపులోంచి దిగిన పశువుల డాక్టర్ లిస్సి మత్తు తుపాకీ భుజానికి ఎత్తి, మళ్లీ దించేసింది.

"కొట్టండి డాక్టరమ్మా! ఎందుకాగారు?" అన్నాడు చాత్తుణ్ణి.

"ఏం తిన్నాడో చెప్పండి ముందు."

"జీలుగు మట్టలు. అవి కూడా సగం కడుపుకే. పండగలు అయ్యేదాకా మదం రాకూడదని కడుపు మాడుస్తున్నాం. మా పద్ధతి మీకు తెలియనిదా?"

"కడుపు మాడ్చిన ఏనుగా ఇది?" ఆమె వేలు చూపించింది. "ఆ నడుం చూడండి."

చాత్తుణ్ణి చూశాడు. తులామాసపు వానల్లో కాలు విరిగి మంచాన పడ్డ మనిషి, నాలుగు నెలల తర్వాత ఈ పొద్దున్నే నీలాండన్ దగ్గరికి వచ్చాడు. ఆ నిగనిగ చూసి మురిసిపోయాడు. "ఏంరా సుకూ, అల్లుణ్ణి మేపినట్టు మేపావే!" అంటే, "అంతా మీ చేతి చలవ ఏట్టా" అని సుకు నవ్వేశాడు. ఏనుగు కండ పట్టిందనుకున్నాడు గానీ, అది కొవ్వని అప్పుడు తట్టలేదు.

"నిండు కడుపుతో ఉన్నవాడికి మత్తిస్తే బోర్లా పడతాడు. పొట్ట వెళ్లి ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఇక లేవడు" అంది లిస్సి. "వాడు పడేటప్పుడు మీ బావమరిది ఏ పక్క పడతాడో నేను చెప్పలేను. అందుకే అడుగుతున్నా. ఏం తిన్నాడు? ఎప్పుడు తిన్నాడు?"

ఆమె చేతులు నోటికి అడ్డుపెట్టి పైకి అరిచింది. "సుకూ! వీడికి ఏం పెట్టారు?"

"నాకేం తెలుసు!" సుకు గొంతు చించుకున్నాడు. "ప్రభాకరన్‌ని అడగండి! ఆ దొంగవెధవని అడగండి!"

గుంజ దగ్గర మరో దెబ్బ పడింది. "ఒక్క గెల! అమ్మతోడు, ఒక్క గెలే!" అన్నాడు ప్రభాకరన్.

నీలాండన్ తల విదిలించాడు. సుకు ఓ పక్కకి ఒరిగి, కాళ్లు గాల్లో తన్నుకుని, మళ్లీ తాడు దొరకబుచ్చుకున్నాడు. గట్ల మీద ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"వీడికి మదం ఎప్పుడొస్తుంది?"

"కర్కాటకంలో. జోరున వానలప్పుడు. ఒక్క ఏడాది కూడా తప్పలేదు."

"ఇప్పుడు కుంభమాసం, ఎండలు ముదిరే వేళ. అంటే వీడి ఒంట్లో క్యాలెండరు తప్పిందన్నమాట. నిద్ర ఎలా ఉంది?"

చాత్తుణ్ణికి గుర్తొచ్చింది. మధ్యాహ్నం, చెవులు చిల్లులుపడే చెండల మధ్య, నీలాండన్ నిలబడి కునికాడు. రాత్రంతా ఊగుతూనే ఉన్నాడని ఏనుగుల సాల కాపలావాడు చెప్పాడు. తనే ఎండ దెబ్బ అనుకుని వదిలేశాడు.

"పగలు కునుకు, రాత్రి మెలకువ" అంది లిస్సి తనలో తాను. "ఏట్టా, ఒంట్లో గడియారం ఒకటే ఉండదు. ఒకటి వెలుతురును చూసి నడుస్తుంది. ఇంకోటి కడుపును చూసి. రోజూ వేళ కాని వేళలో పొట్ట పగిలేలా మేపితే, ఆ రెండోది తన దారి తాను పట్టేస్తుంది. పడుకోవాల్సినప్పుడు పేగులు పనిచేస్తుంటాయి. తిన్నది ఖర్చు కాదు, కొవ్వవుతుంది. కొవ్వు ఇంత పేరుకున్నాక మగ ఏనుగు ఒళ్లు ఏమనుకుంటుంది? కాలం కలిసొచ్చింది, ఇక మదమెక్కొచ్చు అనుకుంటుంది. ఇది విషం కాదు. ఎవరో వీణ్ని నెలల తరబడి దొంగచాటుగా మేపుతున్నారు."

"ఎవరు?"

"అది మీరే చెప్పాలి."

పొద్దు కొబ్బరి మట్టల వెనక్కి దిగింది. ఇళ్ల ముందు ఒక్కొక్కటిగా సంధ్యాదీపాలు వెలుగుతున్నాయి. నీలాండన్ చెవులు మళ్లీ ఆడాయి. తొండం పైకెత్తి గాలి వాసన పట్టాడు. తర్వాత తిరిగాడు.

ఈసారి పరిగెత్తలేదు. నడిచాడు. తెగిన కాలిగొలుసు రోడ్డు మీద ఈడ్చుకుంటూ, అటూ ఇటూ చూడకుండా నడిచాడు. అటు ఏనుగుల సాల లేదు, ఏరూ లేదు.

పైన సుకు ఒక్కసారిగా గింజుకున్నాడు. "ఆపండి! ఆ సందు మూసేయండి! లారీ అడ్డం పెట్టండి! అటు పోనివ్వకండి ఏట్టా!"

ఆ సందు చివర సుకు ఇల్లుంది. ఇంట్లో తంకమణి ఒక్కతే ఉంది. మూడో నెల నడుస్తోందని, జనంలోకి రావద్దని చాత్తుణ్ణే గట్టిగా చెప్పి ఆపాడు.

చెల్లెలికి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. దీపం దగ్గర నామం చదువుకుంటూ ఉంటుంది. దీపం వేళ ఫోను తీయదు.

కుంటుకుంటూ పరిగెత్తాడు. విరిగి అతికిన కాలు నిప్పులా మండింది. సందులో జనం తలుపులు ధడధడా వేసుకుంటున్నారు. ఎవడో సైకిల్ వదిలేసి గోడ దూకాడు. నీలాండన్ ఆ సైకిల్ని తొక్కలేదు. దాటుకుని వెళ్లాడు.

లిస్సి వెనక నుంచి అతని చొక్కా పట్టుకుంది. "ఎదురు వెళ్లకండి! చూడండి వాణ్ని. చంపడానికి పోయేవాడు అలా నడవడు. అన్నానికి పోయేవాడి నడక అది."

"అన్నమేంటి డాక్టరమ్మా, అక్కడ నా చెల్లెలుంది!"

నీలాండన్ సుకు ఇంటి పెరటి గోడ దగ్గర ఆగాడు. గోడకి ఎదురుగా పనస చెట్టు. తొండం గోడ మీద పెట్టి, తలుపు తట్టినట్టు తట్టాడు. ఆగాడు. మళ్లీ తట్టాడు.

పైన సుకు అరవడం మానేశాడు.

పెరటి తలుపు తెరుచుకుంది. చంకలో పెద్ద ఇత్తడి గంగాళం పెట్టుకుని తంకమణి బయటికి వచ్చింది. దాన్నిండా బెల్లం, నెయ్యి వేసి కలిపిన అన్నం.

"వచ్చావా బంగారం! పండగ కదా, ఇవాళ నన్ను మర్చిపోతావనుకున్నా..."

అప్పుడు చూసింది. నల్లగా చారలు కట్టిన కణతల్ని, పైన తెల్లగా పాలిపోయిన మొగుడి మొహాన్ని, సందు మొదట్లో ఊపిరి బిగబట్టిన ఊరిని. గంగాళం జారబోయింది.

"వదలకమ్మా" అంది లిస్సి, పసిపిల్లని జోకొట్టే గొంతుతో. "రోజూ ఎలా పెడతావో అలాగే పెట్టు. మాట్లాడుతూ ఉండు. వెనక్కి అడుగు వేయకు."

తంకమణి గంగాళాన్ని గట్టిగా పట్టుకుంది. ముద్ద చేసి అందించింది. తొండం అందుకుంది. "తిను నాన్నా. మెల్లగా తిను. ఎవరూ లాక్కోరు..."

చాత్తుణ్ణి నేల మీద పాకాడు. గొలుసు కొస పనస చెట్టుకి నాలుగు బారల దూరంలో పడుంది. దాన్ని అందుకోవాలంటే వెనక కాళ్ల మధ్యకి వెళ్లాలి. ఆ కాళ్లు నేర్పిన విద్యే తనకి అన్నం పెట్టింది, ఈ రోజు ఆ కాళ్లకి తనెవరో తెలియదు. మదం వాసన ముక్కులు పగలగొడుతోంది. తలమీద ఏనుగు పొట్ట ఉరిమినట్టు గుడగుడలాడుతోంది. కొస చేతికి దొరికింది. ఈడిస్తే చప్పుడు. ఒక్కో లంకెనూ ఎత్తి, ఎత్తి, చెట్టు చుట్టూ తిప్పాడు.

నీలాండన్ నమలడం ఆపాడు. వెనక కాలు లేచింది.

"ఇదిగో! ఇటు చూడు! ఇంకోటి ఉంది!" తంకమణి గొంతు ఏడుపులోకి జారి మళ్లీ పైకి వచ్చింది. "పెద్ద ముద్ద, నీకే!"

కాలు దిగింది. గొలుసుకి తాళం పడింది.

సుకు గోడ మీదికి, గోడ మీంచి ఇంటి పెంకుల మీదికి, అక్కడి నుంచి అరుగు మీదికి జారాడు. ఎవరో చెంబుతో నీళ్లిచ్చారు. తలెత్తకుండా తాగుతున్నాడు. చాత్తుణ్ణికి ఆ ఒళ్లంతా తడిమి చూసుకోవాలనిపించింది. బతికాడు. చెల్లెలి పసుపు కుంకాలు నిలబడ్డాయి.

కానీ తాళం వేసేటప్పుడు, నీలాండన్ నడుం చుట్టూ ఉన్న గొలుసు అతని కళ్లకి అడుగు దూరంలో వేలాడింది. తుప్పు రంగు లంకెల మధ్య కొన్ని లంకెలు కొత్తవి, మెరుస్తున్నాయి.

జనం సందులోకి వచ్చేశారు. వాళ్లతోపాటు చేతులు వెనక్కి కట్టేసిన ప్రభాకరన్‌నీ ఈడ్చుకొచ్చారు. వెనకాల ఎస్సై.

"ఎవరు మేపింది?" అన్నాడు ఎస్సై.

"నేనే" అంది తంకమణి. "గణపతికి మొక్కుకున్నా. ఆకలితో ఏడ్చే ఏనుగు కడుపు నింపితే నా కడుపు పండుతుందని జోస్యుడు చెప్పాడు. ఈ సందులో ఆడవాళ్లంతా బియ్యం, అరటిపళ్లు, బెల్లం ఇచ్చారు. పండింది కదా అని మానడానికి భయమేసింది. తప్పు నాదే, నాదొక్కదానిదే. ఆయనకేం తెలియదు."

"ఆడమనిషి, ఒట్టి మనిషి కూడా కాదు, ఆవిణ్ణి ఏమంటాం?" అన్నారెవరో. "మంచి చేయబోయింది. కానీ పొద్దున ఆ గెలలో ఏదో కలిపింది మాత్రం వీడే!" ప్రభాకరన్ మెడ మీద మళ్లీ చెయ్యి పడింది. అతను చాత్తుణ్ణి వైపు చూశాడు, అంతే.

చాత్తుణ్ణి సుకు వైపు చూశాడు. చెంబులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. అయినా ఇంకా పెదవుల దగ్గరే పెట్టుకుని ఉన్నాడు. ఒక్కమాట అంటే చాలు. అనడం లేదు. పెళ్లాం తన మీద వేసుకుంటుంటే వినపడనట్టు కూర్చున్నాడు.

"తంకమణీ" అన్నాడు చాత్తుణ్ణి. "సాల నుంచి ఇక్కడిదాకా ఏనుగు రోజూ ఒంటరిగా వచ్చేదా?"

ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. "ఏట్టా... వద్దు ఏట్టా. పుట్టబోయే బిడ్డ మొహం చూడు."

చూశాడు. లేని ఆ మొహం కళ్ల ముందు నిలిచింది. ఏనుగు కింద దూరినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. చెప్తే చెల్లెలి ఇంటి గడప ఇక తొక్కలేడు. సుకు జన్మలో మరో ఏనుగెక్కడు. చెప్పకపోతే, తన నోటి నుంచి జారిన ఒక్క మాటకి ఈ రాత్రి ప్రభాకరన్ చచ్చిపోతాడు.

"ఏం ఆశానే, పెద్ద మావటివి నువ్వు, తెలిస్తే చెప్పు" అన్నాడు ఎస్సై. "జనాన్ని నేను ఎంతసేపని ఆపను?"

"ప్రభాకరన్ కట్లు విప్పండి" అన్నాడు చాత్తుణ్ణి. "పెట్టింది ఒక్క గెలే. నేను నోరు జారాను."

"మరి?"

"గొలుసు తాళంచెవి పెద్ద మావటి దగ్గర ఒకటి, చిన్న మావటి దగ్గర ఒకటి ఉంటాయి. నేను మంచంలో ఉన్నాను. నడుం లావెక్కుతుంటే గొలుసుకి కొత్త లంకెలు వేయించినవాడు, రోజూ దీపాల వేళకి మెడ మీద ఎక్కి ఈ గోడ దగ్గరికి తోలుకొచ్చినవాడు, ఇందాక డాక్టరమ్మ అడిగితే ప్రాణం మీదికొచ్చినా నిజం చెప్పకుండా వేరేవాడి పేరు చెప్పినవాడు ఒక్కడే."

చెంబు అరుగు మీద పడి దొర్లింది. గోడ అవతల నీలాండన్ ఖాళీ గంగాళాన్ని తొండంతో తడుముతున్నాడు.

"పేరు?"

"సుకు" అన్నాడు చాత్తుణ్ణి. "మా సుకు."