ఇద్దరు విసిరే పాట

“మెల్లగా లేపండర్రా! రాయి బీటిచ్చిందంటే పిల్ల కాపురానికి ఏం కీడు మూడుతుందో!”

ఆ అరుపు పున్నమ్మది. గొడ్ల కొట్టం మూలనుంచి నన్నింకా ఎవరూ కదపనేలేదు, ఆమె మనసు అప్పుడే కీడు దాకా వెళ్ళిపోయింది. నవ్వకండి, నాకూ అదే భయం. నేను ఒక తిరగలిని. పుట్టిన దగ్గర్నుంచీ భయపడుతూనే బతికాను. కష్టం వస్తే గుండె రాయి చేసుకోమని మనుషులు ఒకరికొకరు చెప్పుకుంటారు. రాయి గుండె సంగతి వాళ్ళకేం తెలుసు?

పల్నాటి గుట్టమీద బండగా పడి ఉన్నదాన్ని. ఉలి దెబ్బ పడ్డప్పుడల్లా ఇక్కడితో నా పని సరి అనుకున్నాను. రెండు చక్రాలుగా చెక్కి, నడుమ మేకు దిగ్గొట్టి, లోపలంతా గాట్లు పెట్టి, బండికెత్తి ఊరూరా తిప్పారు. గతుకుల్లో ఎక్కడ పగిలిపోతానోనని దారంతా హడలే. పున్నమ్మ అత్తగారు జొన్నలు కొలిచి నన్ను ఇంటికి తెచ్చుకుంది.

ఆమెకు పాట లేకపోతే చెయ్యి కదిలేది కాదు. కందులు వేయించిన రోజు పుట్టింటి మీద ఒక పాట పాడేది. ఆమె పోయి ఎన్నేళ్ళయినా, ఆ రాగం ఎవరి నోట విన్నా నాకు వేగిన కందుల వాసనే వస్తుంది. పున్నమ్మకైతే కళ్ళలో నీళ్ళు వస్తాయి. పాట ఒకటే, ఎవరి జ్ఞాపకం వాళ్ళది.

నేను ప్రాణం పెట్టుకున్నది మాత్రం కోడళ్ళిద్దరి పాట మీద. పెద్దకోడలు పున్నమ్మ, చిన్నకోడలు అంకమ్మ. ఎదురెదురుగా కూచుని ఒకే కర్ర పట్టుకుని విసిరేవాళ్ళు. తోడికోడళ్ళే అయినా పాటలో ఒకరు వదిన, ఒకరు మరదలు. వదిన అడగాలి:

ఎందుకలిగినావే మరదలా – నువ్వు
ఎందుకలిగినావే మరదలా

మరదలు జవాబు చెప్పాలి. అంకమ్మ చెప్పిన జవాబు మళ్ళీ చెప్పేది కాదు. ఒకనాడు సంతకు తీసుకెళ్ళలేదని అలిగేది, ఒకనాడు పిల్లి పెరుగు తాగిందని. ఒకనాడు బావగారి గురక భరించలేక అలిగానంది.

“ఒసే, మీ బావ గోడవతలే ఉన్నాడే!” అంది పున్నమ్మ, నవ్వు ఆపుకోలేక.

“విననీ అక్కా, ఇయ్యాల్టినుంచన్నా మానతాడు!”

తిరుగుతూనే ముచ్చటపడేదాన్ని. ఇంత చాకిరీ మధ్య ఇంత నవ్వు వీళ్ళకు ఎక్కణ్ణుంచి వస్తుందా అని.

ఒకరోజు ఆ పాట మంచి ఊపులో ఉండగా, అంకమ్మ కొడుకు పాక్కుంటూ వచ్చి నా రాళ్ళ సందున చెయ్యి పెట్టబోయాడు. నాకై నేను ఆగలేను కదా! పున్నమ్మే చూసి కర్ర బిగబట్టింది. పిల్లాడి గోరు కూడా చిట్లలేదు. కానీ ఆమె వాడి వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూస్తూ, “పాట ధ్యాసలో బిడ్డనే మరిచావే! నువ్వూ ఒక తల్లివేనా?” అంది.

అది ఆమె అన్న మాట కాదు, ఆమెలోని భయం అన్న మాట. భయస్తుల మాట ఎలా ఉంటుందో నాకు తెలుసు. అంకమ్మకు తెలియలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని లేచి వెళ్ళింది. ఆ ఏడే వేరుపడ్డారు, మధ్యన గోడ లేచింది. పెళ్ళిలో ఎదురుపడ్డా, చావులో ఎదురుపడ్డా అక్కాచెల్లెళ్ళలా ఉన్నవాళ్ళ మధ్య ఒక్క మాట లేదు.

పున్నమ్మ ఒక్కతే కొన్నాళ్ళు విసిరింది. పాట ఎత్తుకునేది, అక్కడే ఆగిపోయేది. ఆమెకు వచ్చినవన్నీ ప్రశ్నలే. జవాబులన్నీ గోడవతల ఉన్నాయి. ఈలోగా ఊళ్ళోకి పిండిమర వచ్చింది, నేను కొట్టంలోకి వెళ్ళాను.

ఇప్పుడు పున్నమ్మ కూతురు మల్లేశ్వరి పెళ్ళి. ఈ ఇళ్ళల్లో ఆడపిల్ల పెళ్ళిపనులు తిరగలితోనే మొదలు: తల్లీ పినతల్లీ కలిసి పెసలు విసరాలి. మల్లేశ్వరే వెళ్ళి పిలిచింది. “పిన్నీ, నువ్వు రాకపోతే నేను పీటల మీద కూచోను.” పిల్ల కోసం అంకమ్మ వచ్చింది. అక్క మొహం మాత్రం చూడలేదు. ఇవాళ కూడా నోరు విప్పకపోతే, ఈ ఇద్దర్నీ ఇలా ఎదురెదురుగా కూచోబెట్టే శుభకార్యం ఇంకొకటి లేదు. రెండిళ్ళకూ మల్లేశ్వరి ఒక్కతే ఆడపిల్ల.

నాకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు. మేకు తుప్పు పట్టింది, తిరక్కపోతే నా పరువేం కాను అనుకున్నాను. తిరిగాను. కర్ర మీద ఇద్దరి చేతులూ ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్తపడుతున్నాయి.

“ఏందమ్మా ఇది, పెళ్ళా, మూగనోమా? పాడండే!” అంది పక్కింటి నాగరత్నం.

పున్నమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

ఎందుకలిగినావే మరదలా…

అంకమ్మ తల వంచుకుని తిప్పుతూనే ఉంది. మళ్ళీ పాడింది. నాగరత్నం వంత అందుకోబోతే మల్లేశ్వరి మోచేత్తో పొడిచింది. మూడోసారి పున్నమ్మకు గొంతు రాలేదు, పెదాలే కదిలాయి. పెసలు పట్టుకున్న చెయ్యి నా నోటి దగ్గరే ఆగిపోయింది. రాయీ రాయీ రాసుకునే చప్పుడొక్కటే. అయిపోయింది, ఇప్పుడు అంకమ్మ లేచి వెళ్ళిపోతుంది అనుకున్నాను.

అంకమ్మ తల ఎత్తకుండానే అందుకుంది:

గింజైతే నలిగేదే వదినా – అది
మాటాయె, నలగదే వదినా

పున్నమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. అంకమ్మ పైటచెంగుతో మొహం తుడుచుకుని, ఆమెకేసి చూసింది.

“గింజలెయ్యక్కా. ఒట్టిగా తిప్పితే రాళ్ళరిగిపోతాయి.”